ముందు ఆకు, తర్వాతే పేరు: తిరుపతి కొండల కింద మొక్కల్నీ జీవాల్నీ గుర్తుపట్టడం

మొక్క కనబడగానే "దీని పేరేంటి?" అని అడుగుతాం. చంద్రగిరి దగ్గర ఒక హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెప్తాను. మా పిల్లలదీ అదే మొదటి ప్రశ్న. నేను వెంటనే చెప్పను. "ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? తుంచితే పాలొచ్చాయా? కాండం గుండ్రంగా ఉందా, పలకలుగా ఉందా?" అని తిరిగి అడుగుతాను. పేరు ముందే చెప్పేస్తే పిల్లలు దాన్ని రాసుకుని తలెత్తేస్తారు, మొక్క వైపు మళ్ళీ చూడరు. అందుకే నా పద్ధతిలో పేరు ఆఖరున వస్తుంది. పెద్దవాళ్ళకీ ఇదే చెప్తాను.

మొదట ఒక చోటు ఎంచుకోండి. ఏడాదికోసారి తలకోన వెళ్ళి రావడం కంటే మీ ఊరి చెరువుకట్ట మీద వారం వారం నడవడం మేలు. అవిలాల చెరువైనా, రాయలచెరువైనా, శ్రీనివాస మంగాపురం నుంచి శ్రీవారి మెట్టుకు పోయే రోడ్డంచు అయినా సరే. అరకిలోమీటరు బాట చాలు. ఒకే చోట తిరిగితే ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాల్చింది, ఏ పిట్ట కొత్తగా వచ్చింది ఇట్టే తెలిసిపోతుంది. కొత్త చోట అన్నీ కొత్తే కాబట్టి ఏదీ కంటికి ఆనదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, పెన్సిల్, పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, ఫోను, నీళ్ళ సీసా ఉంటే చాలు. పిట్టల మీద నిజంగా మనసు పడ్డాక 8×42 బైనాక్యులర్ కొనుక్కోండి, అంతదాకా తొందరేం లేదు.

మొక్కను ఎలా చూడాలి

మొట్టమొదట ఏది ఆకో తేల్చుకోవాలి. కరివేపాకు రెమ్మలో పదిహేనో ఇరవయ్యో ఆకులున్నాయనుకుంటాం గానీ ఆ రెమ్మ మొత్తం కలిపి ఒక్క ఆకు. విడివిడిగా కనిపించేవి పత్రకాలు. దీన్ని పట్టుకోవడం సులువే. అసలు ఆకు కొమ్మకు అతుక్కున్న చోట, ఆ మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. పత్రకం మొదట్లో అది ఉండదు. వేప, చింత, కానుగ అన్నిటికీ ఇదే లెక్క. ఇది తెలియకపోతే పుస్తకంలో రాసిందొకటి, మీ చేతిలో ఉన్నదొకటి అవుతుంది.

తర్వాత ఆకుల అమరిక, పాలు, వాసన, కాండం. ఈ నాలుగింటితో కుటుంబం దాకా వెళ్ళిపోవచ్చు. కాండం పలకలుగా ఉండి, ఆకులు ఎదురెదురుగా ఉండి, నలిపితే ఘాటు వాసన వస్తే అది తులసి కుటుంబం అయ్యే అవకాశం ఎక్కువ. పొలం గట్ల మీది తుమ్మి, వాగుల పక్కన పొదలు కట్టే వావిలి రెండూ ఆ బాపతే. వావిలికి ఒక్కో కాడ చివర మూడు నుంచి ఐదు పత్రకాలు వేళ్ళలా విచ్చుకుని ఉంటాయి. అడుగు పక్క తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా ఉండి తుంచితే పాలు వస్తే జిల్లేడు, కలేకాయ, సుగంధిపాల ఉన్న కుటుంబం వైపు చూడండి. పాలు వచ్చి, ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉన్న పెద్ద చెట్టయితే మర్రి, రావి, మేడి గుర్తు చేసుకోండి. పాలు మాత్రం కంటికి తగలనివ్వకండి. జిల్లేడు పాలు, జెముడు పాలు కంట్లో పడితే ప్రమాదం.

రుచి చూసి గుర్తుపట్టే పని పెట్టుకోవద్దు. ఎర్రగా నల్ల చుక్కతో ముచ్చటగా ఉండే గురివింద గింజ విషం. ఉమ్మెత్త విషం. వానాకాలంలో కంచెల మీద ఎరుపూ పసుపూ కలిసి మంటలా పూసే నాభి కూడా, ముఖ్యంగా దాని దుంప, విషమే. దూలగొండి కాయను ముట్టుకుంటే దాని నూగు ఒంటికి అంటి గంటల తరబడి దురద. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ముందు ఈ నాలుగింటినీ వాళ్ళకు చూపించండి, మిగతావన్నీ తర్వాత.

ఇప్పుడు అసలు కష్టం. పోలికలున్న వాటిని వేరు చేయడమే గుర్తుపట్టడం. మన శేషాచలం కొండల్లో అందరూ చూడాలనుకునే చెట్టు ఎర్రచందనం. ఆ జాతి సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. చూడ్డానికి అడవిలోకి పోనక్కర్లేదు, తిరుపతిలో పార్కుల్లో, కాలేజీ ఆవరణల్లో నాటినవి ఉంటాయి. కాడకు మూడు పత్రకాలు, ఒక్కోసారి ఐదు. పత్రకం గుండ్రంగా ఉండి కొసన కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. మూడేసి ఉన్నవి ఇంకా ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. మారేడుకు మూడే, అయితే దానికి ముళ్ళుంటాయి, ఆకు నలిపితే వాసన వస్తుంది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నని చుక్కలు మెరుస్తాయి. మోదుగకూ మూడే, అయితే అవి విస్తళ్ళు కుట్టేంత పెద్దవి. ఆకు దగ్గర తేలకపోతే బెరడు చూడండి. ముదిరిన ఎర్రచందనం బెరడు నల్లగా, నిలువుకూ అడ్డానికీ పగిలి, మొసలి వీపులాగా పలకలు పలకలుగా ఉంటుంది. ఒకసారి చూశాక మరిచిపోరు.

దాని దగ్గరి చుట్టం వేగిస. పెద్దేగి అనీ అంటారు. పూలు రెండింటికీ పసుపే, కాయలు రెండింటికీ గుండ్రంగా, చుట్టూ పల్చని రెక్కతో ఉంటాయి. తేడా పత్రకాల్లో. వేగిసకు ఐదు నుంచి ఏడు, కోలగా ఉంటాయి. బెరడుకు దెబ్బ తగిలిన చోట ఎర్రటి బంక కారి గడ్డకడుతుంది. ఆ బంక చూసి "ఇదే ఎర్రచందనం" అని వాదించేవాళ్ళు చాలామంది. బంక ఒక్కటే చూసి నిర్ణయించకండి, కింద రాలిన ఆకు తీసి పత్రకాలు లెక్కపెట్టండి.

రాలిన ఆకు అని ఎందుకన్నానంటే, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు హద్దుల్లో ఏదీ తుంచకూడదు. 1989లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. 2010లో శేషాచలం మొత్తాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించారు. నడకదారులూ అందరికీ తెరిచిన చోట్లూ దాటి లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఎర్రచందనం దొంగల మీద నిఘా ఉండే అడవి ఇది. అనుమతి లేకుండా లోపల తిరిగితే మొక్కలు చూడ్డానికొచ్చామంటే ఎవరూ నమ్మరు.

తిరుమల కొండ వాలుల్లో గడ్డి మధ్య పొట్టి ఈతచెట్టులా కనిపించేది పేరిత. సైకాస్ జాతి. ఈత పత్రకం పొడవునా లోపలికి మడిచినట్టుంటుంది. పేరిత పత్రకం సన్నగా ఉండి నడిమిన ఒక్కటే ఈనె ఉంటుంది. మగచెట్టైతే నడినెత్తిన శంకువు నిలబడి ఉంటుంది. ప్రపంచంలో ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. సైకాస్ బెడ్డోమీ అన్న శాస్త్రీయ నామం బెడ్డోమ్ అనే బ్రిటిష్ కాలపు అటవీ అధికారి పేరు మీద వచ్చింది. మన బంగారుబల్లిని 1870లో శాస్త్రలోకానికి మొదట వివరించిందీ ఆయనే.

ఒక జిల్లేడు పొద దగ్గర కూర్చోండి

ఇది నేను ప్రతి ఏడాదీ పిల్లలతో చేయించే పని. అడవి అక్కర్లేదు, బస్టాండు వెనక ఖాళీ స్థలం చాలు. జిల్లేడు పొద ముందు గంటసేపు కూర్చుని ఏం వచ్చిపోతుందో రాయాలి.

ఆకుల్ని ఒక్కొక్కటే మెల్లగా తిప్పి అడుగు పక్క చూడండి. గుండుసూది తలంత లేత రంగు గుడ్డు ఒంటరిగా అతికి ఉండొచ్చు. అది నారింజ రంగు సీతాకోకచిలుకది. ఇంగ్లిష్ పుస్తకాల్లో దాన్ని ప్లెయిన్ టైగర్ అంటారు. పక్క ఆకు మీద గొంగళిపురుగు దొరికితే అదృష్టమే. ఒంటి నిండా నలుపూ తెలుపూ పట్టీలు, మధ్య మధ్య పసుపు చుక్కలు, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు. అది తినే తీరు భూతద్దంలో చూడండి. ముందు ఈనె కొరికి పాలు బయటికి పోనిచ్చి, పాలు తగ్గిన భాగాన్ని తింటుంది. ఆ పాలలోని విషాన్ని కొంత ఒంట్లో దాచుకుంటుంది, అందుకే ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్ళీ దాని జోలికి రాదు. సీతాకోకచిలుక అయ్యాక కూడా ఆ రక్షణ ఉంటుంది. అది ఎంత నిదానంగా, భయం లేకుండా ఎగురుతుందో గమనించండి.

ఇక్కడే పోలికల ఆట మళ్ళీ మొదలవుతుంది. అచ్చం ఇలాంటి రంగులతోనే ఇంకో సీతాకోకచిలుక ఆడది తిరుగుతుంటుంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై దాని పేరు. దానికి విషం లేదు, ఉన్నదాని వేషం వేసుకుని బతుకుతుంది. రెక్కలు విప్పినప్పుడు వెనక రెక్క చూడండి. ప్లెయిన్ టైగర్‌కు రెక్క నడిమి భాగంలో మూడో నాలుగో నల్లచుక్కలు ఉంటాయి, మగదైతే నాలుగు. వేషం వేసినదానికి పై అంచు దగ్గర ఒకే ఒక్క చుక్క. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఫోను ఫోటో పెద్దది చేసి ఈ చుక్క చూపించింది. మాట్లాడకుండా చుక్కలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డ ఆ పిల్లల్ని చూస్తే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

పొద మీద పసుపూ నీలం చారల మిడత కూర్చుంటే అది కూడా జిల్లేడు తిని బతికేదే. లేత చివుర్ల మీద గుంపుగా పసుపు పేనుబంక, వాటిని తినడానికొచ్చే ఆరుద్రలాంటి ఎర్రటి చుక్కల పురుగులు, పూల దగ్గర ఝుమ్మంటూ పెద్ద నల్ల తుమ్మెద. పూల పుప్పొడి ముద్దల్ని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేర్చే పని ముఖ్యంగా ఆ తుమ్మెదదే. ఆరుద్ర అన్నాను కాబట్టి చెప్తున్నా, తొలకరికి నేల మీద ఎర్ర ముఖమల్లా పాకే అసలు ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళు. పురుగు అంటాం గానీ అది సాలీళ్ళ వైపు చుట్టం. కాళ్ళు లెక్కపెడితే ఆ సంగతి తెలుస్తుంది.

పిట్టలు, జాడలు

పిట్ట మొక్కలా నిలబడి ఉండదు. కనిపించిన రెండు మూడు క్షణాల్లో రంగు వెనక పరుగెత్తకండి, వెలుతుర్ని బట్టి రంగు మోసం చేస్తుంది. సైజు పట్టుకోండి. పిచ్చుక అంతా, గోరింక అంతా, కాకి అంతా? ముక్కు సన్నమా, లావా, కొంకా? తోక ఆడిస్తోందా? నేల మీద నడుస్తోందా, గెంతుతోందా? ఇవి రాసుకున్నాకే రంగు. నల్లగా ఉండి తోక చీలి ఉంటే, పశువుల వెంట తిరుగుతూ లేచిన పురుగుల్ని గాల్లో పట్టుకుంటుంటే ఏట్రింత. నల్లని ఒళ్ళు, ఇటుక రంగు రెక్కలు, పొదల కింద బరువుగా నడక, బుంగలోంచి వచ్చినట్టు కూత అయితే జెముడుకాకి. నీళ్ళ దగ్గర అడుగు వేయగానే నానా గోలా చేసి అందర్నీ లేపేది తీతువు.

మెట్ల దారుల్లో పొద్దున్నే చూడాల్సింది పిగిలిపిట్టల్ని. అందరికీ తెలిసిన పిగిలిపిట్టకు నల్ల తల, తోక కింద ఎరుపు, ఎగిరినప్పుడు నడుం మీద తెలుపు. బండరాళ్ళూ పొదలూ కలిసిన వాలు మీద జుట్టు లేని, ఆకుపచ్చ బూడిద కలిసిన రంగుది కనిపిస్తే ఆగండి. కంటి మీద తెల్లటి కనుబొమ గీత, గొంతు తెలుపు అయితే అది మామూలుగా కనిపించే రకమే. తలా గొంతూ పసుపు అయితే మాత్రం పసుపుగొంతు పిగిలి. దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు, ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు ముప్పు ఉన్న జాతుల్లో చేర్చారు. తిరుమల వాలుల్లోనూ మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కలా ఇది ఉంది. ఫోన్లో దాని కూత పెట్టి పిలవకండి. గూడు కట్టే కాలంలో ఆ కూత విని వేరే పిట్ట వచ్చిందనుకుని పని మానేసి వెతుక్కుంటుంది.

చలికాలంలో ఒక రోజు వీలు చేసుకుని సూళ్ళూరుపేట వైపు వెళ్ళండి, అది ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో నీట మునిగిన కడప అనే చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పులికాట్ సరస్సులో రాజహంసలు. దూరం నుంచే చూడండి, దగ్గరికి పోతే మొత్తం గుంపు లేచిపోతుంది.

పెద్ద జంతువులు మనకు కనబడవు, వాటి జాడలే కనబడతాయి. తడి ఇసుక మీద గుండ్రటి పాదముద్ర ఉండి గోళ్ళ గుర్తు లేకపోతే పిల్లి జాతి. పెద్దదైతే చిరుత. కుక్కకు గోళ్ళు పడతాయి. చెదపుట్టను తవ్వి పోసి ఉంటే, పక్కనే రేగు గింజలో నేరేడు గింజలో నిండిన పేడ ఉంటే ఎలుగుబంటి వచ్చి వెళ్ళింది. నలుపూ తెలుపూ ముళ్ళు రాలి ఉంటే ఏదుపంది. అలాంటి గుర్తు తాజాగా ఉంటే ఫోటో తీసుకుని వెనక్కి వచ్చేయండి. నడకదారిలో చిరుతల సంగతి తిరుపతి వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మసక చీకట్లో ఒంటరిగా పోవద్దు, పిల్లల్ని ముందో వెనకో వదలద్దు.

పాముల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలి, అయితే దూరం నుంచి. తలెత్తే నాగుపాము, గుండ్రటి మచ్చల వరసలతో లావుగా ఉండే రక్తపింజర, దానికంటే చిన్నదైన చిన్నపింజర, రాత్రిపూట తిరిగే కట్లపాము, ఈ నాలుగూ ప్రాణం తీసేవి. కట్లపామును పోలిన, విషం లేని తోడేలుపాము ఉంది. దానికి తెల్లపట్టీలు మెడ దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు చెరిగిపోతాయి, కట్లపాముకు మెడ దగ్గర మసకగా ఉండి వెనక్కి పోయేకొద్దీ స్పష్టమవుతాయి. ఇది ఫోటోలో చూసి తేల్చుకునే తేడా, చీకట్లో కాళ్ళ దగ్గర తేల్చుకునేది కాదు. కరిస్తే ఏ పామో అని వెతకద్దు, వేరు కట్టించుకోవద్దు, నేరుగా తిరుపతి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో వెళ్ళండి.

అడగండి, ఆ తర్వాత ఫోను తీయండి

కల్యాణి డ్యామ్ వైపు ఒక పొద ముందు నేను భూతద్దంతో కూర్చుని ఉంటే మేకలు కాసే తాత ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏందమ్మా, ఏం పోగొట్టుకున్నావు?"

"ఏం లేదు తాతా. ఈ ఆకు జిగటగా ఉండాదే, ఏం చెట్టు ఇది?"

"బందారు గదా. మా మేకలు నోరు పెట్టవు దీనికి. ఎంత కరువొచ్చినా అంతే."

మేకలు ముట్టవు అన్న ఆ ఒక్క ముక్క చాలా పెద్ద గుర్తు. మెరిసే జిగట ఆకు, కాగితం లాంటి రెక్కల కాయ, మేకలు వదిలేసిన పొద. ఈ మూడూ కలిస్తే ఇక అనుమానం లేదు. పుస్తకం చూడకుండా ఇంత చెప్పేవాళ్ళు కొండ కింద ప్రతి పల్లెలో ఉన్నారు. మేకల కాపర్లు, యానాదులు, మందాకులు తెచ్చే అవ్వలు. "ఏది తింటుంది, ఎప్పుడు పూస్తుంది, దేనికి వాడతారు" అని అడగండి, ఓపిగ్గా వినండి, వాళ్ళన్నది అన్నట్టే రాసుకోండి. ఊరు మారితే పేరు మారుతుంది కాబట్టి ఏ ఊళ్ళో ఎవరన్నారో కూడా పక్కన రాయండి.

ఇదంతా అయ్యాకే ఫోను. మొక్కకు ఒక ఫోటో సరిపోదు. మొత్తం చెట్టు, ఆకు రెండు పక్కలా, కొమ్మకు ఆకు అతికిన చోటు, పువ్వో కాయో, బెరడు. వీటిని ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే యాప్ ఒక ఊహ చెప్తుంది, తెలిసినవాళ్ళు వచ్చి సరిచేస్తారు. యాప్ చెప్పిన పేరు మీ నోట్‌బుక్‌లోని గుర్తులతో కుదరకపోతే నోట్‌బుక్‌నే నమ్మండి. ఆ జాతి అసలు మన ప్రాంతంలో ఉందో లేదో మ్యాపు కూడా చూడండి. పిట్టల కూత గుర్తుపట్టడానికి మెర్లిన్ అనే యాప్ బాగా పనికొస్తుంది. ఏ పిట్టల్ని చూశారో ఈబర్డ్ అనే సైట్‌లో లిస్టు పెట్టండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా కలిసి పిట్టల్ని లెక్కపెడతారు, పదిహేను నిమిషాలు మీ చెరువుకట్ట మీద నిలబడి లెక్కపెట్టినా చాలు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తడి ఉన్న రాతి చరియల కింద, రాతికి అతికించిన తెల్లటి గుడ్ల గుర్తుల పక్కన బంగారుబల్లి కనిపిస్తే, రాత్రి టార్చిలో రెండు ఎర్రటి కళ్ళు మెరిసి దేవాంగపిల్లి (పేరు పిల్లి గానీ కోతుల చుట్టం) కొమ్మ మీద కనిపిస్తే, ఆ చోటు ఎవరికీ చెప్పకండి. టార్చి నేరుగా కళ్ళలోకి కొట్టకండి, దానికి ఎర్రకాగితం చుట్టుకోండి. యాప్‌లో లొకేషన్ దాచే ఆప్షన్ పెట్టండి, ఫోన్లో ఫోటోకు జీపీఎస్ ఆపేయండి, వాట్సాప్ గ్రూపులో "ఎక్కడ సార్, ఎక్కడ?" అని అడిగితే "శేషాచలం" అని మాత్రం చెప్పండి. రెండింటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, అయినా వాటి కోసం వెతికేవాళ్ళు ఉన్నారు. తేదీ, వాతావరణం, రాయి ఎటు తిరిగి ఉంది, నీరు ఎంత దూరం, ఎన్ని కనిపించాయి, ఇవన్నీ మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే ఏడాది అదే నెలలో, అటవీశాఖ అనుమతి ఇస్తే, మళ్ళీ వెళ్ళి చూసి పక్క పేజీలో రాయండి.